మానుపిల్లి వాటా

వెనకటి రోజుల్లో పై ఊళ్ళ నుంచి చుట్టాలు వస్తే చేగోడీలో, అరిసెలో మూట కట్టుకుని వచ్చేవారు. ఇప్పుడు ఫోటోలు తెస్తున్నారు. ఖర్చు తక్కువ, కాలక్షేపం ఎక్కువ. ఒక్కటే చిక్కు. అరిసె నచ్చకపోతే పక్కన పెట్టేయవచ్చు. ఫోటోలు నచ్చినా నచ్చకపోయినా ఆఖరిదాకా చూడాలి.

మా మేనల్లుడు స్కాట్లండులో చదువుకుంటున్నాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చి, భోజనాలయ్యాక మమ్మల్నందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని సెల్లు తెరిచాడు. కొండలు ఒక యాభై, కొండల ముందు తాను ఒక వంద. మా ఆవిడ ఆవులింత ఆపుకుంటున్న సమయానికి ఒక పిల్లి వచ్చింది. నిజం పిల్లి కాదు, కంచు విగ్రహం.

"ఇదేమిటిరా, వాళ్ళు పిల్లిని కూడా కొలుస్తారా?" అన్నది మా ఆవిడ.

"కొలిచినంత పనీ చేశారత్తయ్యా. దీని పేరు టౌజర్. ఉద్యోగం చేసిన పిల్లి" అన్నాడు వాడు.

స్కాట్లండులో క్రీఫ్ అనే ఊరి పక్కన గ్లెన్‌టరెట్ అని ఒక చిన్న విస్కీ బట్టీ ఉన్నదట. తాము 1763 నుంచీ ఉన్నామని వారి లెక్క. ఆ బట్టీలో టౌజర్ అనే ఆడపిల్లి 1963 ఏప్రిల్ 21న పుట్టి, 1987 మార్చి 20న కాలం చేసింది. బ్రతికిన ఇరవై నాలుగేళ్ళలో 28,899 ఎలుకలను పట్టిందని గిన్నిస్ రికార్డుల పుస్తకంలోకి ఎక్కింది. దాని పుట్టినరోజూ, ఎలిజబెత్తు రాణి పుట్టినరోజూ ఒకటే. ఇద్దరూ చాలాకాలమే కొలువు చేశారు.

"చచ్చిన ఎలుకల్ని ఎవర్రా లెక్కపెట్టిందీ?" అన్నది మా అమ్మ, చెవిదగ్గర చెయ్యి పెట్టుకుని.

"కొన్నాళ్ళు కూర్చుని చూసి, సగటు కట్టారమ్మమ్మా."

నేను కాగితం తీసి భాగహారం చేశాను. రోజుకు మూడు పైచిలుకు వచ్చింది. ఆదివారాలు, పండుగలు కూడా కలుపుకుని. మన ఆఫీసుల్లో ఎవరికీ ఇంత హాజరు లేదు.

అంతా బాగానే ఉంది గాని, విస్కీకీ పిల్లికీ సంబంధం ఏమిటని మా వాళ్ళ సందేహం. సంబంధం విస్కీతో కాదు, గింజలతో. విస్కీ బార్లీ గింజలతో చేస్తారు. గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, ఊట వేసి, ఆ ఊటను కాచి ఆవిరి పడతారు. ఏడాది పొడుగునా బట్టీ నడవాలంటే బస్తాలకు బస్తాల గింజలు నిలవ ఉండాలి. గింజలున్న చోటికి ఎలుకలు పిలవకుండానే వస్తాయి. ఎలుకలున్న చోటికి పిల్లి రావాలి. అంచేత అక్కడి బట్టీలలో పిల్లి సరదాకు పెంచుకున్నది కాదు, జీతగాళ్ళలో ఒకటి. జీతం పాలు.

టౌజర్ తరవాత అంబర్ అనే పిల్లిని కొలువులో పెట్టుకున్నారట. అది ఇరవై ఏళ్ళు ఉండి, ఒక్క ఎలుకనైనా పట్టిన దాఖలా లేదట. మా అమ్మ వెంటనే తెనాలి రామకృష్ణుడి కథ ఎత్తుకున్నది. ఎలుకల బాధ పడలేక రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లినీ, దాన్ని సాకడానికి ఒక ఆవునూ ఇప్పించారు గదా. ఆవు పాలు తాను తాగి, పిల్లికి కాగే పాలు ఒక్కసారి చూపించి ఊరుకున్నాడు మన కవి. "కొలువులో చేరగానే పని మానేసే పిల్లులు ఏ దేశంలోనైనా ఉంటాయి" అని ఆవిడ తీర్పు.

"మామయ్యా, ఇలాంటి చిన్న బట్టీలు చూడడానికి అక్కడ టిక్కెట్టు పెడతారు. జనం బారులు తీరి వెళతారు. మన దగ్గర లేవా?" అని అడిగాడు మేనల్లుడు.

లేకేమి? చిత్తూరు జిల్లాలో ఒకటి ఉన్నది. డెస్మండ్ నజరెత్ అనే ఆయన పొలం గట్ల మీద మొలిచే కిత్తనార దుంప నుంచి మెక్సికో వాళ్ళ పద్ధతిలో మద్యం తీసి, 2011లో గోవా బజారులో పెట్టాడు. ఆ తరవాత 2018లో ఇప్పపువ్వు మద్యం కూడా సీసాల్లో పోసి అమ్మాడు. అయితే ఇలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గవే. మిగిలిన చిన్న బట్టీల సంగతి వేరు. అదే కాచే పని స్కాట్లండులో చేస్తే టిక్కెట్టు పెట్టి చూపిస్తారు. మన పక్క ఊళ్ళో చేస్తే జీపు వచ్చి కుండలు పగలగొట్టి పోతుంది. దానికి కారణం లేకపోలేదు. ఆ కారణం నాకు ఒక వారం తరవాత, చిల్పూరులో ఒక తాటిచెట్టు కింద తెలిసింది.

చిల్పూరుకు మేము బట్టీ చూడబోలేదు. మా ఆవిడకు మొక్కు ఉండి గుట్టమీది వేంకటేశ్వరస్వామి దర్శనానికి పోయాము. కాజీపేట, సికింద్రాబాదుల నడుమ ఘనపూర్ స్టేషనులో రైలు దిగి, ఆటో కట్టుకుని వెళ్ళాము. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో ఉండిన ఈ ఊరు, 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు జనగామ జిల్లాలోకి వచ్చి, తానే ఒక మండలమైంది.

అక్కడి స్వామిని బుగులు వేంకటేశ్వరుడు అంటారు. బుగులు అంటే తెలంగాణంలో భయం, బెంగ. పెళ్ళికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు తీర్చే దారి తోచక, స్వామి బుగులు పడుతూ ఈ గుట్టమీదికి వచ్చి కూర్చున్నాడని స్థలపురాణం. దేవుడికి ఇంతకంటే దగ్గరి పేరు మధ్యతరగతి వాళ్ళం మనమైనా పెట్టగలిగేవాళ్ళం కాదు. నెలాఖరున మా ఇంట్లో అందరం ఆ నామధేయులమే.

దర్శనమై గుట్ట దిగేసరికి ఇంకా ఎండ ముదరలేదు. దూరంగా తాటివనం కనిపించింది. మేనల్లుడు ఆగి, "మామయ్యా, అదిగో మన డిస్టిలరీ" అన్నాడు.

"అది డిస్టిలరీ కాదురా, కల్లు" అన్నాను.

"తేడా ఏమిటి?"

తడుముకున్నాను. తెలుసునని అనుకున్నవి తడుముకోవలసి వస్తే వెళ్ళి చూడటమే మంచిది. మా ఆవిడ మొహం చిట్లించినా, ప్రసాదం సంచీతో సహా వెంట వచ్చింది. నన్ను ఒంటరిగా కల్లు మండువకు పంపడం కంటే, తానూ రావడమే క్షేమమని తోచి ఉంటుంది.

చెట్ల కింద తాటాకు పందిరి. పందిరి కింద నాలుగు కుండలు, రెండు బల్లలు. ఒక మూల ఒక ముసలమ్మ కుంపటి పెట్టుకుని గుడాలు, ఎండుచేపలు అమ్ముతున్నది. ఆమె చీరకుచ్చెళ్ళ పక్కనే ఒక పచ్చపిల్లి ముడుచుకుని పడుకున్నది. మేనల్లుడికి ప్రాణం లేచివచ్చింది.

"అవ్వా, ఇది ఎలుకలు పడుతుందా?"

"ఎలుకలకు ఈడ ఏమున్నది బిడ్డా తిననీకి? ఇది నా చేపల కోసం పడి ఉంటది" అన్నది ముసలమ్మ. పిల్లి ఒక కన్ను తెరిచి, మాలో ఎవరి చేతిలోనూ చేప లేదని చూసి, మళ్ళీ మూసుకున్నది. ఇది అంబర్ వంశం అనుకున్నాను.

ఇంతలో చెట్టుమీద నుంచి గౌడన్న దిగుతున్నాడు. అరవై అడుగులకు తక్కువ లేదు చెట్టు. చెట్టునూ తననూ కలిపి చుట్టిన మోకు, నడుముకు ముత్తాదు, వెనక గీతకత్తులు, పక్కన వేలాడే లొట్టి. మోకును ఒక జానెడు కిందికి జార్చడం, పాదాలతో మానును పట్టడం, మళ్ళీ జార్చడం. మా మేనల్లుడు ఫోటో తీయడం కూడా మరిచి నోరు తెరుచుకుని చూశాడు. ఏభై ఏళ్ళు దాటిన మనిషి. నేల మీదికి వచ్చాక మామూలుగా ఆయాసపడ్డాడు. అది చూస్తే గాని నాకు ధైర్యం రాలేదు.

"ఎన్ని చెట్లు ఎక్కుతావు గౌడన్నా?"

"ఇప్పుడైతే తక్కువనే సారు. పొద్దుగాల ఒకపారి, మాపున ఒకపారి. ఎక్కకుంటే కల్లు ఆగిపోతది. చెట్టుకు సెలవు లేదు."

పోతుతాటి గెలల కొనలను రోజూ కాగితమంత మందాన గీస్తేనే నీరు ఊరుతుందట. ఒక్కరోజు మానితే గాయం ఎండిపోతుంది. ఈ గీయడం వల్లనే ఆ వృత్తికి గీత అని పేరు. దిగే నీరు తియ్యని చక్కెర నీళ్ళు. సున్నం పూసిన కుండలో పట్టి, పొద్దు పొడవకముందే దింపితే అది నీరా. కాచితే తాటిబెల్లం. సున్నం లేని కుండలో పడితే, గాలిలో ఉండే సూక్ష్మజీవులు ఆ క్షణం నుంచే పని మొదలుపెడతాయి. కొన్ని గంటలలో కల్లు. నూటికి నాలుగైదు పాళ్ళు మత్తు. సాయంత్రానికి పులుపు. మర్నాటికి పులిసి నోట పెట్టరానిది. అంటే ఈ సరుకు పుట్టిన చెట్టు కనిపించేంత దూరంలో, పుట్టిన పూటే ఖర్చు కావాలి. లేదా పారబోయాలి.

గౌడన్న ఒక తాటాకు రేక మడిచి నా చేతిలో పెట్టాడు. మా ఆవిడ చూపు నా వీపు మీద ఉన్నదని చూడకుండానే తెలిసింది. తీర్థమంత పుచ్చుకున్నాను. తీపి, వగరు, కొంచెం పొగవాసన. మేనల్లుడు మాత్రం రేక నిండా పట్టుకున్నాడు. తాగబోయేముందు గౌడన్న చెయ్యి అడ్డం పెట్టి, "ముందు శాక పొయ్యాలె బిడ్డా" అని నాలుగు చుక్కలు నేలమీద పోయించాడు. అది కాటమయ్యకు. కాటమయ్య గౌడుల దేవుడు. చెట్టు మీద ఉన్నప్పుడు కాపాడేవాడు ఆయనే.

"ఇది అక్కడా ఉన్నది మామయ్యా!" అని ఎగిరినంత పని చేశాడు మేనల్లుడు. స్కాట్లండులో కాచిన సారాను ఓకుకర్ర పీపాల్లో పోసి నిలవ చేస్తారు. కనీసం మూడేళ్ళు పీపాలో ఉంటే గాని దాన్ని స్కాచి విస్కీ అనడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. పన్నెండేళ్ళు, పద్దెనిమిదేళ్ళు ఉంచినవీ ఉన్నాయి. అన్నేళ్ళలో ఏటా నూటికి రెండు పాళ్ళ చొప్పున పీపాలోంచి ఆవిరై పోతుందట. ఆ పోయినదాన్ని వాళ్ళు దేవదూతల వాటా అంటారట.

గౌడన్న ఈ మాట శ్రద్ధగా విని, "దేవదూతలది ఎరుక లేదు గాని, ఈడ మానుపిల్లి వాటా ఉంటది" అన్నాడు.

"ఏ పిల్లి?"

"మానుపిల్లి సారు. చెట్టుమీదనే ఉంటది. రాత్రిపూట లొట్టికాడికి వచ్చి తాగి పోతది. పొద్దుగాల ఎక్కి చూస్తే లొట్టి అంచుకు దాని బొచ్చు అంటి ఉంటది."

మేనల్లుడు ఉన్నపాటున సెల్లులో వెతికి చూపించాడు. పొడుగాటి తోక, మొహాన నల్లని పట్టె, దొంగకళ్ళు. దీనికి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరే టాడీ క్యాట్, కల్లుపిల్లి! ఎక్కడెక్కడ కల్లుకుండలు కట్టారో అక్కడక్కడ దీని దొంగతనం చూసి పెట్టిన పేరు. నిజానికి ఇది పిల్లి కులం కాదు. తిరుమల స్వామికి శుక్రవారం అభిషేకమయ్యాక అలదే తైలాన్ని ఇచ్చే పునుగుపిల్లికి ఇది చుట్టం. ఇండోనేషియాలో ఇది తిని విసర్జించిన కాఫీగింజలను ఏరి, కడిగి, బంగారం ధరకు అమ్ముతారు. ఒకే వంశంలో ఒకటి దేవుడి సేవకు, ఒకటి కాఫీ వ్యాపారానికి, ఒకటి కల్లుకుండకు. మన ఉమ్మడి కుటుంబాలు ఎట్లా ఉంటాయో అట్లాగే.

"మరి తరమవా? వల కట్టవా?" అన్నాను.

గౌడన్న నవ్వాడు. "దానికి కావలి పెడితే నా నిద్ర పోతది సారు. అదెంత తాగుతది, గుక్కెడు. దాచిపెట్టుకునే సరుకైతే కావలి గాని, మాపటికి పులిసిపోయేదానికి కావలి ఏందుకు?"

ఆ మాట దగ్గర నాకు మేనల్లుడి ప్రశ్నకు జవాబు దొరికింది. తేడా ఏమిటి అని గదా వాడు అడిగాడు? తేడా నిలవలో ఉన్నది. స్కాట్లండు పిల్లి నిలవకు కాపలా. చిల్పూరు పిల్లి నిలవ లేని చోట వాటాదారు.

నీళ్ళు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయి. మత్తునిచ్చే సారం డెబ్బయి ఎనిమిది దగ్గరే ఆవిరవుతుంది. ఈ చిన్న తేడాను పట్టుకుని, ఊటను కాచి, ఆ ఆవిరిని చల్లార్చి పడితే సారా. నూటికి అయిదు పాళ్ళు ఉన్నది నలభై పాళ్ళు అవుతుంది. అది పులవదు, చెడదు. సీసాలో పోసి ఎంత దూరమైనా పంపవచ్చు. ఎన్నాళ్ళైనా దాచవచ్చు. దాచగలిగేదాన్నే కొలవవచ్చు. కొలవగలిగేదానికే పన్ను వేయవచ్చు, పాట పెట్టవచ్చు, గుత్తకు ఇవ్వవచ్చు. నైజాం సర్కారు రాబడిలో అబ్కారీ పెద్ద పద్దుల్లో ఒకటిగా ఉండిందంటే, చెట్టుకూ సీసాకూ నడుమ గుత్తేదార్లు లేచారంటే, వీటన్నింటికీ మూలం అక్కడున్నది.

నేను ఈ జ్ఞానమంతా మేనల్లుడికి బోధిస్తుంటే, కుండలు కడుగుతున్న గౌడన్న భార్య తల ఎత్తింది. అంతవరకు ఒక్కమాట మాట్లాడలేదావిడ.

"ఆ నిలువుండే సరుకే మా చెల్లె ఇల్లు కూల్చింది సారు" అన్నది.

చెల్లెలి భర్త వ్యవసాయం చేసుకునేవాడట. ఊళ్ళో గుడుంబా దిగింది. బెల్లం ఊట, నవసాగరం, ఇంకా ఏమేమి వేస్తారో కాచేవాళ్ళకే తెలియాలి. కల్లైతే పొద్దున ఉంటుంది, మాపున ఉండదు. కడుపు నిండితే చాలంటుంది. గుడుంబాకు వేళాపాళా లేదు. అర్ధరాత్రి తలుపు తట్టినా పాకెట్టు దొరికేది. అప్పు మీద ఇచ్చేవారు. ముందు కాడెడ్లు పోయాయి, తరవాత ఎకరం, తరవాత చెల్లెలి పుస్తెలు, ఆఖరుకు మనిషి. "ముప్పై ఆరు ఏండ్లు సారు. ఆ పొద్దు ఇంట్లకు పోయి చూస్తే గింజ లేదు. పొయ్యిల పిల్లి పండుకొని ఉన్నది."

పొయ్యిలో పిల్లి లేవలేదంటే ఆ ఇంట వంట లేదని అర్థం. తెలుగుదేశంలో ఈ మాట చెప్పడానికి ఇంకెవరికీ ఇంకో మాట అక్కరలేదు. మా ఆవిడ మెల్లగా వెళ్ళి ఆమె పక్కన బల్లమీద కూర్చున్నది. "ఇప్పుడు నీ చెల్లెలు ఎక్కడున్నదమ్మా?" అని అడిగింది. "జనగామల బడి వంట చేస్తది. ఇద్దరు పిల్లలను చదివిచ్చింది" అన్నది ఆమె, కుండ బోర్లిస్తూ.

ఇది ఒక్క చెల్లెలి కథ కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు లేచి సారా దుకాణం మూయించినప్పుడు రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. సర్కారే పాకెట్లలో పోయించి ఊరూరికీ చేర్చిన సారా అది. రాత్రిబళ్ళలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు, ఆ పాఠాలలోనే తమ కథ చదువుకుని లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో పోయింది. తెలంగాణ వేరుపడ్డాక 2015లో గుడుంబా బట్టీల మీద ప్రభుత్వం పెద్ద యెత్తున విరుచుకుపడింది. జీపు ఎందుకు వస్తుందో ఇక వేరే చెప్పనక్కరలేదు.

అయితే కల్లు అమాయకమైనదని చేతులు దులుపుకునేందుకు లేదు. తాగి ఇల్లు మరిచేవాడికి కల్లైనా ఒకటే. పైగా చెట్టును వదిలి దూరం పోయిన కొద్దీ కల్లు కల్లు కాకుండా పోతుంది. పట్నంలో ఇంత మందికి సరిపోయే తాళ్ళు ఎక్కడున్నాయి? హైదరాబాదులో 2004లో కల్లు దుకాణాలు మూసి, 2014లో మళ్ళీ తెరిచారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. నిద్రమందులు కలిపి చేసిన ఆ తెల్లనీళ్ళకు చెట్టుతో పని లేదు. ఆ కుండ దగ్గరికి మానుపిల్లి రాదు.

ఈ మాట అంటే గౌడన్న చాలాసేపు ఊరుకున్నాడు. తరవాత, "చెట్టు కాడికి వచ్చి తాగేటోనికి కల్తీ ఎట్ల పోస్త సారు? చెట్టు చూస్తుంటది గద" అన్నాడు.

"మీ పిల్లలు ఎక్కుతారా?"

"ఎక్కరు. పెద్దోడు హైదరాబాదుల కారు నడుపుతడు. చిన్నోనికి నేనే వద్దన్న. మా అన్న పడ్డడు." ఎక్కడ నుంచి పడ్డాడో చెప్పలేదు. పైకి చూశాడు. మేమూ చూశాము.

గీత కార్మికులకు పడిపోవడం కొత్త కాదు. వాన తడి, కందిరీగలు, పాతబడిన మోకు, ఏదైనా చాలు. చనిపోనివాడు నడుము విరిగి మంచంలో మిగులుతాడు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షాకవచం అనే పేరుతో కొత్తరకం తాళ్ళు, పట్టీలు ఇవ్వడం మొదలుపెట్టింది. జారినా మనిషి మానుకే వేలాడి ఉండే ఏర్పాటు అది. దేవుడి పేరు పెట్టడం బాగున్నది. దేవుడికి కూడా కొంత సాయం కావాలి గదా.

ఈ జిల్లాలోనే ఖిలాషాపూరు ఉన్నది. గౌడ కులంలో పుట్టిన సర్వాయి పాపన్న కల్లుకత్తి వదిలి కత్తి పట్టి, 1708లో వరంగల్లు కోట మీద పడ్డాడు. మొగలాయి చరిత్రకారులు అతన్ని దొంగ అని రాశారు. ఊళ్ళో పాటలవాళ్ళు వీరుడని పాడారు. గౌడన్న ఆ పేరు తానే ఎత్తి, "ఆయన చెట్టు దిగి రాజైండు. మేము చెట్టు దిగి డ్రైవర్లమైతున్నం" అని నవ్వాడు. నవ్వు చూసి నవ్వాలో ఊరుకోవాలో తెలియలేదు.

ఎండ ఎక్కింది. లేచాము. మా ఆవిడ పులిహోర ప్రసాదం సగం అరటాకులో పెట్టి గౌడన్న భార్య చేతికిచ్చింది. ఆమె కళ్ళకద్దుకుని, పిల్లలకు తినిపించమని నాలుగు గుడాలు పొట్లం కట్టి ఇచ్చింది. ఇంటి దగ్గర కల్లు అనే మాట వినిపిస్తే రేడియో అయినా కట్టేసే మనిషి మా ఆవిడ. ఆటో ఎక్కేటప్పుడు, "వాళ్ళు నీరా చేసి అమ్ముకోకూడదూ? నేనైతే కొనేదాన్ని" అన్నది. హైదరాబాదులో హుస్సేన్‌సాగరు గట్టున 2023లో నీరా కేఫ్ తెరిచారని చెప్పాను. "అక్కడ కాదు, ఇక్కడ" అన్నది. సున్నం పూసిన కుండ కావాలి, పొద్దు పొడవకముందే దింపే మనిషి కావాలి, చల్లగా ఉంచే పెట్టె కావాలి, పట్నం దాకా బండి కావాలి. ఇవన్నీ అమర్చేవాడు వస్తే గౌడన్న చిన్న కొడుకు చెట్టెక్కుతాడా? ఏమో. ఎక్కనవసరం లేకుండా కింద నుంచే గీసే యంత్రం ఎవరైనా చేస్తే మరీ మంచిది.

మేనల్లుడు మాతో రాలేదు. ఆ రాత్రి అక్కడే ఉండి మానుపిల్లిని ఫోటో తీస్తానన్నాడు. గౌడన్న ఇంట్లో జొన్నరొట్టె తిని, రెండు జాముల వరకు తాటివనంలో దోమలతో కూర్చున్నాడట. మర్నాడు సాయంత్రం ఇంటికి వచ్చాడు, చేతులనిండా దద్దుర్లతో.

మళ్ళీ అందరం చుట్టూ కూర్చున్నాము. మళ్ళీ సెల్లు తెరిచాడు. చీకట్లో చెట్టు. చీకట్లో ఇంకో చెట్టు. మూడోది కొంచెం స్పష్టంగా వచ్చింది. వెన్నెల్లో తాటిమట్టలు, మట్టల నడుమ లొట్టి.

"పిల్లి ఏదిరా?" అన్నది మా అమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ.

"కనపడలేదమ్మమ్మా. కానీ పొద్దున గౌడు మామ ఎక్కి చూసి, లొట్టి నాలుగు వేళ్ళు తక్కువ ఉన్నదన్నాడు."